రన్‌వే మీద పర్వేజ్

డాక్టర్ అచ్యుతరావు గారు రిపోర్టులన్నీ పక్కకి నెట్టి, కళ్ళజోడు తీసి, పర్వేజ్ పొట్ట వంక చూశారు. మొహం వంక కాదు, పొట్ట వంకే.

"మీ ఇద్దరిదీ బ్లడ్ గ్రూపు కలిసిందండీ. అంతవరకు సంతోషమే. కానీ మీ కిడ్నీ నేను తియ్యలేను."

పక్క కుర్చీలో కూర్చున్న భార్య మెహజబీన్ తలెత్తలేదు. ఆవిడ ఈ మాట ముందే ఊహించినట్టుంది. పర్వేజే ఉలిక్కిపడ్డాడు.

"అదేంటండీ! ఇస్తానని నేనే చెబుతుంటే?"

"ఈ బరువుతో, ఈ బీపీతో మీ దగ్గర ఒకటి తీసేస్తే నాలుగేళ్ళు తిరక్కుండా మీరూ ఆవిడ పక్క మంచం మీదికి వస్తారు. అప్పుడు మీ అమ్మాయి ఎవరిని చూసుకోవాలి చెప్పండి?"

"తగ్గితేనండీ?"

"ఊరికే తగ్గితే చాలదు, బాగా తగ్గాలి. మాత్ర వేసుకోకుండా బీపీ అదుపులో ఉండాలి. ఎండాకాలం వెళ్ళాక రండి, చూద్దాం. ఈలోగా ఇంకెవరైనా ఇచ్చేవాళ్ళుంటే వెతుక్కోండి."

ఇద్దరూ విజయవాడలో తాడేపల్లిగూడెం రైలెక్కారు.

గూడెంలో పర్వేజ్‌కి బేకరీ ఉంది. వాళ్ళ నాన్న పెట్టింది. ఇరవై రెండేళ్ళ వయసులో గల్లా దగ్గర స్టూలు మీద కూర్చున్నవాడు, నలభై ఐదు దాటినా ఆ స్టూలు దిగలేదు. పొద్దున్నే వేడి బన్ను, మధ్యాహ్నం విరిగిపోయిన కేకు ముక్కలు, సాయంత్రం టీలో రస్కులు. అలా అలా మనిషి స్టూలు పట్టనంత అయ్యాడు. మెహజబీన్ మాత్రం పెళ్ళినాటి మనిషిలాగే సన్నగా, చురుగ్గా ఉండేది. తలనొప్పి తలనొప్పి అంటూ మెడికల్ షాపులో ఏదో బిళ్ళ తెప్పించుకుని మింగేసేది. ఆ తలనొప్పి బీపీ వల్లనని, ఆ బీపీ ఎప్పట్నుంచో లోలోపల రెండు కిడ్నీలనూ తినేసిందని తెలిసేసరికి చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. వారానికి రెండుసార్లు పాసింజరెక్కి ఏలూరు వెళ్ళి డయాలసిస్ చేయించుకుని వచ్చేవారు. వచ్చేటప్పుడు ఆవిడ కిటికీకి తల ఆనించి, కళ్ళు మూసుకుని ఉండేది. భీమడోలు, పూళ్ళ, చేబ్రోలు ఒక్కొక్కటే వెనక్కి పోతుంటే, ఆ మొహం రోజురోజుకీ మసిబారిపోవడం చూస్తూ పర్వేజ్ ఎదురుగా కూర్చునేవాడు.

ఇంకెవరైనా అంటే ఉన్నది మెహజబీన్ తమ్ముడు రిజ్వాన్ ఒక్కడే. ఆకివీడులో ఐసు ఫ్యాక్టరీ, కొల్లేరులో చేపల చెరువులు ఉన్నాయి. గ్రూపు కలిసింది. మొదట్లో తనే ఇస్తానన్నాడు. తర్వాత ఫోను చేస్తే తియ్యడం మానేశాడు. పర్వేజ్ బస్సెక్కి వెళ్ళి, చెరువు గట్టు మీదే పట్టుకున్నాడు.

"బావా, నా మాట విను," అన్నాడు రిజ్వాన్, కళ్ళు ఎత్తకుండా. "ఇంట్లో ఒప్పుకోవట్లేదు. పిల్లలు మరీ చిన్నవాళ్ళు. మా ఆవిడ నూతిలో దూకుతానంటోంది. ఆపరేషను ఖర్చంతా నేను పెట్టుకుంటాను. నావల్ల అయ్యేది అదొక్కటే బావా."

పర్వేజ్‌కి వాడి చొక్కా పట్టుకుని నీళ్ళలోకి తోసెయ్యాలనిపించింది. కానీ వాడు అప్పటికే ఏడుస్తున్నాడు. దాణా చల్లుతున్న కూలీలు పని ఆపి ఇటే చూస్తున్నారు. పర్వేజ్ వాడి భుజం మీద చెయ్యి వేసి, "సర్లేరా, ఊరుకో," అని వచ్చేశాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. రోడ్డుకి రెండు వైపులా చెరువులు, కాలవల నిండా గుర్రపుడెక్క, గట్ల మీద కొంగలు. ఇక అడగడానికి మనిషి లేడు. లోకం మొత్తం మీద మెహజబీన్‌కి మిగిలింది తన ఒళ్ళే. ఆ ఒళ్ళు చూస్తే ఇలా ఉంది. ఒళ్ళో చేతులు పెట్టుకుని తన పొట్టని తనే చూసుకుంటే, జీవితంలో దేన్నీ అసహ్యించుకోనంతగా దాన్ని అసహ్యించుకున్నాడు.

మర్నాడు తెల్లవారగానే రన్‌వేకి వెళ్ళాడు.

గూడెంలో రన్‌వే అంటే ఎప్పుడో యుద్ధం రోజుల్లో విమానాలు దిగడానికి వేసిన కాంక్రీటు బాట. విమానాలు పోయాయి, బాట మిగిలింది. పొద్దున్నే సగం ఊరు అక్కడే నడుస్తుంది. కాలేజీ రోజుల్లో పర్వేజ్ పరుగెత్తింది కూడా దాని మీదే. పదిహేను వందల మీటర్లలో జిల్లాకి మొదట వచ్చి, ఏలూరు స్టేడియంలో కప్పు అందుకున్నాడు. నాన్న హఠాత్తుగా పోవడంతో ఆ బూట్లు విప్పినవాడు మళ్ళీ కట్టుకోలేదు.

కొత్తగా కొన్న కాన్వాసు బూట్లు వేసుకుని, అటూ ఇటూ చూసి, పరుగు మొదలుపెట్టాడు. కాళ్ళకి ఇంకా గుర్తున్నట్టే ఉంది. ఛాతీకే గుర్తులేదు. బాట పక్కన ఆరబోసిన ధాన్యం కుప్పల దాకా వెళ్ళేసరికి ఊపిరి గొంతులో గుచ్చుకుంది. ఇంకో నాలుగడుగులు మొండిగా వేశాడు. కళ్ళు బైర్లు కమ్మి, గడ్డిలో కూలబడి, పొట్టలో ఉన్నదంతా కక్కేశాడు.

"ఎవర్రా అది? పర్వేజేనా?"

చేతికర్రతో నిలబడి ఉన్నది దేవదానం మాస్టారు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పర్వేజ్ చేత మొదట పరుగెత్తించింది ఆయనే.

"ఈ వయసులో ఇదేం పిచ్చిరా? మొన్న ఆ స్టేట్ బ్యాంకాయన ఇక్కడే పడి ప్రాణం పోగొట్టుకున్నాడు, తెలుసా?"

పర్వేజ్ నోరు తుడుచుకుని జరిగిందంతా చెప్పాడు. చెబుతూ చెబుతూ చిన్నపిల్లాడిలా వెక్కిళ్ళు పెట్టాడు. మాస్టారు కర్ర పక్కన పెట్టి, అతని ఎదురుగా గడ్డిలో కూర్చున్నారు.

"రేపట్నుంచి నడువు. నేను చెప్పేదాకా పరుగెత్తకు."

"నడవడానికి టైము లేదు మాస్టారూ."

"చావడానికీ లేదుగా నీకు? అందుకే నడవమంటున్నాను."

అలా మొదలైంది. నడక, తర్వాత నడకా పరుగూ కలిపి, తర్వాత పరుగు. మాస్టారు బాట పక్కన నిలబడి, "భుజాలు దించు! పిడికిలి వదులు!" అని అరిచేవారు. బేకరీలో బన్ను ముట్టుకోవడం మానేశాడు. పొయ్యిలోంచి ట్రే తీసినప్పుడల్లా వెన్న వాసన తగలకుండా వీధిలోకి వచ్చి నిలబడేవాడు. "ఏం సాయిబు గారూ, ఎలక్షన్లో నిలబడుతున్నారా ఏంటి?" అని వాకింగుకి వచ్చినవాళ్ళు నవ్వేవారు. పర్వేజ్ కూడా నవ్వేవాడు. ప్యాంట్లు వదులయ్యాయి. మోకాళ్ళు వాచాయి. బరువు దిగుతోంది కానీ బీపీ మాత్రం మొండికేసింది. కాంపౌండరు పట్టీ చుట్టి గాలి కొడుతుంటే, ఆ మీటరులో సూది ఎక్కడ ఆగుతుందోనన్న భయానికే అది పైకి పోయేదేమో.

మెహజబీన్‌కి ఇదేమీ నచ్చలేదు. ఒకరోజు పర్వేజ్ మోకాలికి కొబ్బరినూనె రాసుకుంటుంటే, మంచం మీంచి అంది.

"ఏవండీ, ఒక మాట అడుగుతాను, కోప్పడకండి. మీరు పరుగెత్తేది నాకోసమా? లేక నేను పోతే నలుగురూ మిమ్మల్ని ఏమంటారోననా?"

పర్వేజ్ నూనె సీసా కింద పెట్టాడు.

"అదేం మాట మెహజబీన్?"

"జోయా టెన్త్ రాసింది. దానికి తల్లి ఎలాగూ ఉండదు. తండ్రన్నా ఉండాలి కదండీ. నన్ను వదిలెయ్యండి. నాకు ఓపిక అయిపోయింది."

అతను నూనె సీసా మూత బిగించి బయటికి వెళ్ళిపోయాడు. వీధి అరుగు మీద కూర్చుంటే, ఆవిడ అడిగినదాంట్లో కొంత నిజం ఉందేమోనని భయమేసింది. ఆ భయం కంటే, ఆవిడ ఓపిక అయిపోయిందన్న మాట పెద్దగా వినిపించింది.

ఆ ఏడు పుష్కరాల ముందు ఎండలు మామూలుగా కాయలేదు. జిల్లాలో వడదెబ్బకి మనుషులు రాలిపోతున్నారని రోజూ పేపర్లో వచ్చేది. మే నెలలో ఒక మధ్యాహ్నం మెహజబీన్‌కి ఊపిరి అందలేదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. టాక్సీలో ఏలూరు తీసుకెళ్తుంటే, జోయా తల్లి తలని ఒళ్ళో పెట్టుకుని, "అమ్మా, ఇటు చూడు, నన్ను చూడు," అంటూనే ఉంది. ఎలాగో గట్టెక్కింది. కానీ అక్కడి డాక్టరు పర్వేజ్‌ని వరండాలోకి పిలిచి, డయాలసిస్ కోసం చేతికి ఆపరేషను చేసి కలిపిన నరం మూసుకుపోతోందని, ఇలా ఎక్కువ కాలం నెట్టుకురాలేమని చెప్పాడు.

మర్నాడు పర్వేజ్ మాస్టారి మాట వినలేదు. పొద్దున పరుగెత్తింది చాలక, ఎండెక్కాక మళ్ళీ వెళ్ళాడు. రన్‌వే మీద పిట్ట లేదు. కాంక్రీటు సెగలు కక్కుతోంది. ముందురోజు నుంచీ అన్నం తినలేదు, మంచినీళ్ళు కూడా సరిగ్గా తాగలేదు. ఒళ్ళు ఇంకా కరగాలి, కరగాలి, అనుకుంటూ పరుగెత్తాడు. అల్లా, నా దగ్గరున్నది ఇదొక్కటే, దీన్నయినా తీసుకునేలా చెయ్యి, అనుకుంటూ పరుగెత్తాడు. ఎన్నిసార్లు ఆ చివరికీ ఈ చివరికీ తిరిగాడో తెలియదు. పశువులు కాసుకునే ఒక ముసలమ్మ, సూరమ్మ, పడి ఉన్న మనిషిని చూసి, ఒంటిమీద నీళ్ళు పోసి కేకలు వేసింది. లేకపోతే అతనూ ఆ పేపర్లో ఒకడై ఉండేవాడు.

ఆ దెబ్బకి రెండు రోజులు ఎర్రగా మూత్రం పోశాడు. ఎవరికీ చెప్పలేదు. కానీ కిడ్నీ ఇవ్వడానికి పనికొస్తానేమో చూపించుకుందామని విజయవాడ వెళ్తే, అక్కడి పరీక్షలు దాస్తాయా? అచ్యుతరావు గారు రిపోర్టు బల్లమీద కొట్టారు.

"ఇలా పరుగెత్తమని మీకెవరు చెప్పారండీ?"

"మీరే కదండీ తగ్గమన్నది."

"తగ్గమన్నాను. ఉన్న కిడ్నీలు పాడు చేసుకోమన్నానా? ఎండలో కండ కరిగిపోయి ఆ విషమంతా కిడ్నీల్లోకి దిగింది. ఇవి కోలుకుంటాయో లేదో ఇప్పుడు చెప్పలేను. ఇంట్లో కూర్చోండి. నీళ్ళు తాగండి. నేను చెప్పేదాకా అడుగు బయట పెట్టకండి."

అంత కష్టపడి దగ్గరికి తెచ్చుకున్నదాన్ని తన చేతులతో తనే నాశనం చేశాడు. ఇన్నాళ్ళూ చెయ్యడానికి ఒక పనుంది, ఆ పనిలో పడి భయాన్ని మర్చిపోయేవాడు. ఇప్పుడు ఆ పనీ లేదు. ఇంట్లో గోడకి ఆనుకుని కూర్చుని, జోయా గంటగంటకీ తెచ్చి ఇచ్చే నీళ్ళు తాగడమే. పక్క గదిలో, నీళ్ళు కొలిచి తాగాల్సిన మెహజబీన్ గుక్కెడు నీళ్ళ కోసం పెదాలు తడుపుకుంటుంటే, తను ఇక్కడ చెంబులకి చెంబులు తాగాలి.

ఒక సాయంత్రం ఆవిడ గోడ పట్టుకుని మెల్లగా వచ్చి, అతని పక్కన కూలబడింది.

"ఆరోజు అలా అడక్కుండా ఉండాల్సింది."

"నిజమే అడిగావేమో."

"నిజమైతే ఎండలో ఎవరూ చూడనప్పుడు ఎందుకు పరుగెత్తుతారండీ?" అని అతని చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. "నాకు బతకాలని ఉంది. మీకు చెబితే మీరింకా పరుగెత్తుతారని చెప్పలేదు."

పర్వేజ్ ఆ చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

పుష్కరాల రోజుల్లో, రైళ్ళన్నీ జనంతో కిక్కిరిసి రాజమండ్రి వైపు పోతుంటే, వాళ్ళు ఎదురు దిక్కున విజయవాడ వెళ్ళారు. పరీక్షలు మళ్ళీ చేశారు, వారం ఆగి ఇంకోసారి చేశారు. అచ్యుతరావు గారు కాగితాలు తిరగేసి తిరగేసి, ఆఖరికి కళ్ళజోడు తీసి, ఈసారి అతని మొహం వంక చూశారు.

"కోలుకున్నాయి. బీపీ కూడా నేనడిగిన చోట ఉంది. అడ్మిట్ అవ్వండి, నేను మనసు మార్చుకోకముందే."

ఆపరేషను సవ్యంగానే జరిగిందన్నారు. కానీ పర్వేజ్‌కి తెలివొచ్చి అడిగిన మొదటి ప్రశ్నకి ఎవరూ సూటిగా జవాబు చెప్పలేదు. మెహజబీన్‌కి పెట్టిన కిడ్నీ పని మొదలుపెట్టలేదు. చుక్క మూత్రం రాలేదు. "ఒక్కోసారి నిద్ర లేవడానికి టైము తీసుకుంటుందండీ," అంది నర్సు లిడియా. మెహజబీన్‌కి మళ్ళీ డయాలసిస్ పెట్టారు. మర్నాడూ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. పర్వేజ్ కుట్లు పట్టుకుని పడుకుని, ఆ ఎండలో తను పరుగెత్తిన ప్రతి చుట్టూ తలచుకుని, అప్పుడే దాన్ని చంపేసి ఆవిడకి శవాన్ని ఇచ్చానేమోనని లోలోపల కుళ్ళిపోయాడు. చూడ్డానికి వచ్చిన రిజ్వాన్ తలుపు దగ్గరే నిలబడిపోయాడు. పర్వేజ్ అతన్ని దగ్గరికి పిలవలేదు, పొమ్మనీ అనలేదు.

తర్వాత ఒక పొద్దున లిడియా గబగబా నడిచి వచ్చింది. "వచ్చిందండీ!"

"ఏంటమ్మా వచ్చింది?"

"యూరిన్ అండీ! బ్యాగు మార్చాల్సి వచ్చింది!"

లేవద్దంటున్నా వినకుండా పర్వేజ్ లేచాడు. గోడ పట్టుకుని, కడుపు మీద చెయ్యి అదిమి, ఒక్కో అడుగూ వేసుకుంటూ నడవా చివరికి వెళ్ళాడు. అద్దం అవతల మెహజబీన్ తల కాస్త ఎత్తిపెట్టి ఉంది. మొహం ఇంకా నల్లగానే ఉంది, కళ్ళు మాత్రం వెలుగుతున్నాయి. మంచం పక్కన వేలాడుతున్న సంచీలో లేత పసుపు రంగు నీళ్ళు. ఎంతకాలం పనిచేస్తుందో ఎవరూ చెప్పలేరని, జన్మంతా మందులు మింగాలని డాక్టరు ముందే చెప్పారు. అదంతా తర్వాత సంగతి.

ఆవిడ అతన్ని చూసింది. కుట్లతో అక్కడ నిలబడి ఉన్నాడని గమనించి, మొహం చిట్లించి, వెళ్ళి పడుకోమని కోపంగా చెయ్యి విదిలించింది. పర్వేజ్ కదల్లేదు. ఆవిడ మళ్ళీ విదిలించింది.