ఎర్రతాడు సంచి

బిస్మిల్లాబీది పాముపగ అని ప్రొద్దుటూరు కబేళాలో అందరికీ తెలుసు. తెలియనిది ఒక్కడికే. ఆ ఒక్కడు కార్జాల ఏజెంటు జియావుల్లా. పగ వాడి మీదే మరి!

కబేళాలో ముల్లా కోసిన గొర్రెల కార్జాలను, అంటే కాలేయాలను, కడిగి, ఐసు పెట్టెల్లో సర్ది ఎర్రగుంట్లలో రైలెక్కిస్తే, మద్రాసులో ఒక మందుల కంపెనీ వాటి సారం తీసి, రక్తం చాలని బాలింతలకు సూదిమందు తయారుచేసేది. నాలుగు కాళ్ల మీద నడిచొచ్చిన గొర్రె కార్జమే పంపాలని కంపెనీ కట్టడి. జియావుల్లాకు ఆశ ఎక్కువ. పెద్దముడియం దిక్కున, పుండులోంచి మనిషికీ అంటే దొమ్మరోగం తగిలి మందలు పడిపోతే, ఆ చచ్చిన గొర్రెల కార్జాలు కారుచౌకగా తెప్పించి మంచివాటిలో కలిపేవాడు.

వాటిని కోయడానికి పోయినవాడే బిస్మిల్లా మొగుడు గఫూర్. వేలికి తుమ్మముల్లు గుచ్చుకుని పుండుగా ఉందని వెనకాడితే, "ఏం గాదులే, చెయ్యి పెట్టు" అన్నాడు జియావుల్లా. గఫూర్ పెట్టాడు. పుండు బొగ్గులా నల్లబడింది, చెయ్యంతా వాచింది, జ్వరంలో మనిషి పోయాడు. శవానికి చుట్టే కఫన్ గుడ్డ కొనిచ్చి జియావుల్లా చేతులు దులుపుకున్నాడు. థూ, వాడి దయ తగలెయ్య! బిస్మిల్లా ఏడవలేదు. వాడి దగ్గరే కార్జాలు కడిగే పనికి కుదిరి, కాచుకుని కూర్చుంది.

వానలు పడగానే మళ్లీ దొమ్మ వచ్చింది. ఒకనాటి పొద్దున బండివాడు ఎర్రతాడు కట్టిన సంచి దించిపోయాడు. "పెట్టెల్లో కలిపెయ్" అని జియావుల్లా దూరం నుంచే గొడుగుతో చూపించాడు గానీ దగ్గరికి రాలేదు. వాడు టీకి పోగానే బిస్మిల్లా ఆ సంచిని కర్రతో ఈడ్చి సున్నం గుంటలో పూడ్చేసింది. అలాంటిదే ఇంకో సంచిలో మంచి కార్జాలు నింపి, దానికీ ఎర్రతాడే కట్టింది.

ఆమె ఎదురుచూసిన మనిషి మధ్యాహ్నం రానే వచ్చాడు. దొమ్మ మాట వినబడితే చాలు, చెప్పాపెట్టకుండా తనిఖీకి వచ్చే కంపెనీ డాక్టరు దేవపాలు, జమ్మలమడుగువాడు.

"మా సరుకు కడిగిన ముత్యం సార్" అంటున్నాడు జియావుల్లా. బిస్మిల్లా సంచి తెచ్చి వాడి ముందు పడేసి, తాడు విప్పింది. ఉర్దూ వదిలేసి, డాక్టరుకు తెలియాలని తెలుగులోనే అడిగింది.

"భాయ్, ఒక కార్జం తీసి సారుకు చూపియ్."

వాడి పని దొంగకు తేలు కుట్టినట్టయింది. "నువ్వే తియ్యి. పొద్దున గడ్డం గీసుకుంటాంటే నాకు వేలు తెగింది."

"గఫూర్‌కూ వేలికి పుండే గదా. చెయ్యి పెట్టు!"

వాడి మణికట్టు పట్టుకుని సంచి నోట్లోకి లాగింది. ఎన్నాళ్ల కసో ఆ పట్టులో ఉంది.

"ఇడువు! అవి దొమ్మ గొర్రెలవి! నేను సస్తా!" అని కబేళా అంతా వినబడేట్టు అరిచాడు జియావుల్లా.

బిస్మిల్లా వదిలేసింది. తానే చెయ్యి పెట్టి ఒక కార్జం తీసి డాక్టరుకు చూపించింది. "ఇది పొద్దున ముల్లా కోసింది సార్, మంచిది. ఈయన తెప్పించింది ఆడ సున్నం గుంటలో ఉండాది. ఆ మాట ఈయన నోటితోనే రావల్లని ఇట్ల చేసినా."

డాక్టరు ముఖం పాలిపోయింది. అంతకుముందు పోయిన పెట్టెలన్నీ ఆపమని మద్రాసుకు తంతి కొట్టించి, పోలీసులకు కబురంపాడు.

జియావుల్లా అవేవీ వినడం లేదు. సంచి అంచు తగిలిన వేలిని లుంగీకి తుడుచుకుంటూనే ఉన్నాడు. "బిస్మిల్లా, నిజంగా మంచివేనా? నీకు దండం పెడతా, నిజం చెప్పు."

ఆమె వాడి వేలికేసి కళ్లారా చూసింది.

"ఏం గాదులే, భాయ్" అంది.