ఏడో చిరుత

"భాబీ, నీ వెనకాల ఆరేసిన బట్టలు కనబడుతున్నయి. జర ఆగు, తీసేస్త."

హుస్నా మొదట ల్యాప్‌టాప్ కింద బియ్యం డబ్బా పెట్టి, ఫిర్దోస్ ముఖం తెర మధ్యలోకి వచ్చేలా సర్దింది. తరువాత తాడు మీది తువ్వాళ్లు, అత్తగారి సల్వార్లు, పాప స్కూలు సాక్సులు చేతుల నిండా వాటేసుకుని వంటింట్లోకి పోయింది. అక్కడ బగారా అన్నానికి ఉల్లిపాయలు వేగుతున్నాయి.

కరీంనగర్‌లో ఆదివారం పదకొండు గంటలకు ఆడవాళ్లెవరైనా పొయ్యి దగ్గరే ఉంటారు. ఫిర్దోస్ లేదు. ఆమె ఇంకో అయిదు నిమిషాల్లో డిగ్రీ చదివే రెండు వందల మంది అమ్మాయిలకు ఆన్‌లైన్‌లో కవ్వాల్ అడవి చిరుతల గురించి, ఆడది వన్యప్రాణి పరిశోధకురాలు ఎట్లా అవుతుందన్న దాని గురించి చెప్పబోతోంది. ప్రసంగానికి 'అడవిలో ఒంటరి అడుగులు' అని పేరు పెట్టింది కూడా తనే.

"గంటసేపు మాట్లాడేదానికి ఇంట్ల కర్ఫ్యూ పెట్టాల్నా? టీవీ కూడా చూడొద్దా?" పక్క గదిలోంచి అర్ఫాత్ గొణిగాడు. పన్నెండేళ్లుగా భర్త నోట ఇలాంటివి వింటూనే ఉంది. పరిశోధనకు పోతానన్న రోజు అత్తగారు వజీరున్నీసా అన్న మాట ఇంకా పెద్దది: "పెళ్లయిన ఆడది అడవులు పట్టుకొని తిరుగుడేంది బేటా? పులి తింటే జనాజాల మోసుకపోను ఏం దొరుకుతది?" యూనివర్సిటీలో సారు మర్యాదగానే అన్నాడు: "ఆడపిల్లలను ఫీల్డ్‌కు తీసుకపోతే పరేషానమ్మా. వాళ్లకు బాత్రూంలు ఎవరు ఎతకాలె?" వీటన్నిటినీ ఫిర్దోస్ దాచిపెట్టుకుంది. నాలుగో స్లైడు నిండా అవే. ఎక్కడ ప్రసంగించినా ఆ స్లైడుకే చప్పట్లు. అందులో ఒక్కటీ అబద్ధం కాదు. అన్నీ నిజాలే చెప్పుకుంటూ వచ్చింది, ఒక్క పేరు మాత్రం ఏ స్లైడులోనూ పట్టలేదు.

హుస్నా అర్ఫాత్ చెల్లెలు. మొగుడు వదిలేస్తే ఇరవై మూడేళ్లకు అన్న ఇంటికి వచ్చింది. వచ్చిన మరుసటి నెలే ఫిర్దోస్ మొదటిసారి జన్నారం వైపు కెమెరాలు కట్టడానికి పోయింది. అప్పుడు పాపకు రెండేళ్లు. పాప మేనత్త ఫుప్పూ పక్కలో పడుకోవడం నేర్చింది, ఫుప్పూ చేతి ముద్ద తినడం నేర్చింది, జ్వరమొస్తే ఫుప్పూనే పిలవడం నేర్చింది. ఇంత వరకే అయితే చాలా ఇళ్లలో ఉన్నదే అని ఫిర్దోస్ సర్దిచెప్పుకునేది. కానీ ఫోటోలున్నాయి.

అడవిలో చెట్లకు కట్టిన కెమెరాలు కదిలిన ప్రతిదాన్నీ ఫోటో తీస్తాయి. గాలికి ఊగే ఆకును, తునికాకు ఏరే ఆడవాళ్లను, మేకలను, ఎప్పుడో ఒకసారి చిరుతను. ఆ మెమొరీ కార్డులు సంచుల్లో ఇంటికి వచ్చేవి. వేలకు వేలు. "ఖాళీగనే ఉంటవు గద, జర చూసిపెట్టు" అంది ఫిర్దోస్. ఇంటెడు చాకిరీ చేసే మనిషిని ఖాళీగా ఉంటావని ఎట్లా అనగలిగిందో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు చిమచిమలాడుతుంది. హుస్నా మగ్గం వర్కు చేసేది. ఇరుగుపొరుగు జాకెట్ల మీది పూలలో ఒక్క కుట్టు తప్పినా ఇట్టే పట్టేసే కళ్లు. ఆ కళ్లతో చిరుతల మచ్చలు చూసింది. మూడేళ్లు చూసింది. ఫిర్దోస్ అడవిలో నడిచింది, ఎండలో మాడింది, జలగలకు రక్తమిచ్చింది, ఆ కష్టం ఆమెదే. ఏ చిరుత ఏదో తేల్చి నంబర్లు వేసింది మాత్రం హుస్నా. థీసిస్ చివర కృతజ్ఞతల్లో 'నా కుటుంబానికి' అని రాసి ఊరుకుంది ఫిర్దోస్.

పోయిన నెల ఆదిలాబాద్‌లో ఒక సంస్థవాళ్లు కెమెరా ఫోటోలు వేరు చేయడానికి మనిషి కావాలని ప్రకటన ఇచ్చారు. చదువు ఇంటర్ చాలు, చేసిన అనుభవానికి పరిశోధకుల సర్టిఫికెట్ కావాలి. హుస్నా ఫోనులో అది చూపించి, "భాబీ, నాకొక కాయితం రాసిస్తవా?" అని అడిగింది. ఎనిమిదేళ్లలో ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటే. "చూద్దాం" అంది ఫిర్దోస్. తను పనిచేసే కాలేజీ లెటర్‌హెడ్ దొరకాలని పైకి చెప్పింది. రాసిస్తే తన థీసిస్‌కు మచ్చ వస్తుందని లోపల భయపడింది. ఇంకొక కారణం ఉంది. హుస్నా ఆదిలాబాద్ పోతే అత్తగారికి ఇన్సులిన్ సూది ఎవరిస్తారు, పొద్దున టిఫిన్లు ఎవరు కడతారు? ఆ కారణం మనసులోకి రాగానే ఫిర్దోస్ ఇంకో పని పెట్టుకునేది.

ప్రసంగం బాగా సాగింది. నాలుగో స్లైడు దగ్గర తెర మీద చప్పట్ల బొమ్మలు వరదగా వచ్చాయి. నడిపిస్తున్న లెక్చరర్ మమతారాణి "ఇక ప్రశ్నలు అడగండమ్మా" అంది. ఇచ్చోడ నుంచి స్పందన అనే అమ్మాయి మాట్లాడింది. వెనకాల ఎక్కడో కుక్కరు కూస్తోంది.

"మేడం, చిరుతకు కుడిదిక్కు మచ్చలు వేరు, ఎడమదిక్కు వేరు అన్నరు గద. ఏడో చిరుతకు ఒక జాగల ఎడమదిక్కే పడ్డది, ఇంకో జాగల కుడిదిక్కే పడ్డది. మరి రెండూ ఒక్కటేనని మీకెట్ల తెలిసింది?"

ఫిర్దోస్ ఏడో చిరుత స్లైడు మళ్లీ తెరిచింది. అప్పట్లో థీసిస్‌ను పరీక్షించిన పెద్దలు ఈ ముక్కనే మెచ్చుకున్నారు, ఏం కన్నమ్మా నీది అన్నారు. ఆ కన్ను తనది కాదు గనుక ఏం చూసిందో గుర్తులేదు. "అయ్యో, నెట్ పోతున్నట్టుంది" అని మైకు, కెమెరా రెండూ ఆపేసింది. మంచినీళ్లు తెచ్చిన హుస్నా గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎండకాలం నీళ్ల తొట్టికాడ ఎదురుంగ వంగి తాగింది చూడు భాబీ. రెండు బుజాలు ఒక్క ఫోటోల పడ్డయి. నువ్వు పనికిరాని వాటిల ఏసినవు. నేను తిరిగి తీసిన."

ఫిర్దోస్ మైకు, కెమెరా మళ్లీ పెట్టింది. నవ్వింది. "పనికిరావని పక్కన పడేసిన ఫోటోల్లోనే దొరికిందమ్మా. నేను మళ్లీ మళ్లీ చూసి పట్టుకున్నాను" అంది. హుస్నా గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ముఖంలో ఏ మార్పూ లేదు. అలవాటైపోయిన మనిషికి ఏం మార్పు ఉంటుంది?

"థ్యాంక్యూ మేడం" అంది స్పందన. అని ఊరుకోలేదు. "ఇల్లు, పాప, అడవి అన్నీ మీరొక్కరే చేసుకున్నరు. నేను పొద్దుగాల ఆరుగురికి వండి కాలేజీకొస్త. క్లాసుల నిద్రొస్తది మేడం. రెండు సబ్జెక్టులు పోయినయి. నాకు చాతగాదు, నాదే తప్పు అనుకున్న. మిమ్మల్ని చూసినంక ఇంకా ఎక్కువ కష్టపడాల్నని సమజైంది."

ఇంకా ఎక్కువ! ఫిర్దోస్ అబద్ధం పోయి పోయి ఇచ్చోడలో ఒక ఆడపిల్ల నెత్తిన కూర్చుంది. అత్తగారి మాటల కంటే, సారు మాటల కంటే బరువైనది ఇప్పుడు తన ప్రసంగమే.

"ఆగమ్మా స్పందనా" అంది. "నీదేం తప్పు లేదు. నేనొక్కదాన్నే చెయ్యలే. ఇందాక నెట్ కూడా పోలే, నేనే బంద్ చేసిన. నీ ప్రశ్నకు జవాబు నాకు తెల్వదు, మా ఆడబిడ్డనడిగి చెప్పిన. ఆ ఫోటోలన్నీ చూసింది ఆమెనే, నా బిడ్డను పెంచింది ఆమెనే. హుస్నా, ఇట్ల రా!"

"నా చేతికి అల్లం వెల్లుల్లి ఉంది" అని వంటింట్లోంచి జవాబు. మళ్లీ పిలిస్తే చున్నీకి చేతులు తుడుచుకుంటూ వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. పక్క గదిలో అర్ఫాత్ ఫోను పక్కన పెట్టేశాడు.

"మీరేం చేస్తుంటారండీ?" అని అడిగింది మమతారాణి.

"ఏం చెయ్య మేడం. ఇంట్లనే ఉంట" అంది హుస్నా.

అయినా చిరుత ఫోటో తెర మీద పెట్టగానే గొంతు మారింది. బుజం మీద ఈ మూడు మచ్చలు ఎట్లా కలుస్తాయో, తోక మొదట్లో ఏది వెతకాలో పది నిమిషాలు చెప్పింది. ఒక్కసారి కూడా తడుముకోలేదు. అమ్మాయిలు ప్రశ్న మీద ప్రశ్న అడిగారు. తెర ఆపేసరికి ఫిర్దోస్ కళ్లు తడిగా ఉన్నాయి. తప్పు ఒప్పుకున్న మనిషికి దొరికే సుఖం ఒకటుంటుంది కదా, అది ఒంటినిండా పాకింది. తను మంచిదేననిపించింది.

ఆ ఊపులోనే వంటింట్లోకి పోయింది. "హుస్నా, ఆ సర్టిఫికెట్ ఇప్పుడే రాస్త. మూడేళ్ల పనంతా నీ పేరు మీద రాసి, సంతకం చేసి ఇస్త."

హుస్నా అన్నం గిన్నె మీద మూత సర్దింది. మంట తగ్గించింది.

"ఇప్పుడెందుకు భాబీ? ఆఖరు తారీఖు నిన్ననే అయిపాయె." కోపంగా అనలేదు. "అమ్మీకి సూది ఇచ్చొస్త. నువ్వు పళ్లాలు పెట్టు."

నిన్ననా, మరి చెప్పకపోతివి అన్న మాట ఫిర్దోస్ నాలుక దాకా వచ్చి ఆగిపోయింది. ఆ తారీఖు తనకు నిన్న పొద్దున లేవగానే గుర్తొచ్చింది. పడుకునే దాకా గుర్తుంది.