ఎండకు పెట్టిన పాటలు

మైక్‌సెట్ దుకాణం తెరిచిన నాడు రత్నం చేతిలో ఉన్నవి ఒక యాంప్లిఫయరు, రెండు హారన్లు, ట్రంకుపెట్టె నిండా రికార్డులు. వరంగల్ చుట్టుపక్కల పెళ్లివాళ్లు రత్నం ఖాళీగా ఉన్నాడో లేదో కనుక్కున్నాకే ముహూర్తం పెట్టించుకున్న ఏళ్లున్నాయి. ఇప్పుడు టేప్‌రికార్డర్లు వచ్చాయి. కావలసిన పాటలు కేసెట్లో నింపించుకుని ఎవరికి వాళ్లు వింటున్నారు. ఈ ఎండాకాలానికి మిగిలిన బేరం స్టేషన్ ఘన్‌పూర్ గట్టయ్య కూతురి పెళ్లి ఒక్కటే. అదీ పోతే దుకాణానికి తాళమే.

పెళ్లి రేపనగా పెట్టె తెరిస్తే రికార్డులు వంకర్లు పోయి ఉన్నాయి. ముల్లు నిలవడం లేదు. రత్నం తనకు తెలిసిన వైద్యమే చేశాడు. అద్దాల మధ్య పేర్చి, పైన రాయి పెట్టి, డాబా మీద ఎండకు ఉంచాడు. కాస్త మెత్తబడగానే నీడకు తెచ్చేస్తే చదునవుతాయి. చలికాలంలో ఎన్నోసార్లు చేసిన పనే.

అంతలో గట్టయ్య వచ్చాడు.

"రత్నం, హారన్లు, మిషను ఇస్తే సాలు. పాటలకు ఫికర్ లేదు, మా పెద్దల్లుడు కేసెట్లు తెస్తాండు."

రత్నానికి తెలుసు. ఒకసారి కేసెట్‌కు అలవాటుపడ్డ ఊరు మళ్లీ రికార్డును అడగదు.

"కాకా, పిల్లను అప్పజెప్పేటప్పుడు అండ్ల డిస్కో పాటొస్తే ఏం జేస్తవ్? ఎనక్కి తిప్పుకుంట కూసుంటవా?"

"అల్లుడు అలుగుతడు రా."

"అలగకపోతే అల్లుడెట్లయితడు? మీ పెద్దబిడ్డ పెండ్లిల నా పాటకు ఊరంత ఏడ్సింది, యాదికి లేదా?"

చాయ్ తెప్పించాడు. బతిమాలాడు, ఎగతాళి చేశాడు, మళ్లీ చాయ్ తెప్పించాడు. చివరికి గట్టయ్య మెత్తబడ్డాడు.

"సరే తియ్యి, నీ రికార్డులే పెట్టు. జర అప్పగింతల పాట మర్చిపోకు."

బేరం గెలిచిన ఊపులో రత్నం డాబా ఎక్కాడు. రికార్డులు చదునయ్యాయి, అద్దమంత చదునుగా. పాట ఉండే గీతలు కూడా అణగిపోయాయి. ఒకటి తెచ్చి తిప్పి చూశాడు. ముల్లు అంచు నుంచి మధ్యకు జర్రున జారింది. ఇంకొకటి పెట్టాడు. ఇంకొకటి. అన్నీ అంతే.

రైలు కోసం కూర్చున్న గట్టయ్యను ఉరుకుతూ పోయి పట్టుకున్నాడు.

"కాకా, నీ అల్లుని కేసెట్లే తెప్పియ్యి."

"ఇంతసేపు నా పానం తిన్నవ్ గదరా! ఇప్పుడేమైంది?"

"రికార్డులు పోయినయ్."

"ఎటు పోయినయ్?"

రత్నం పైన ఎండకేసి చెయ్యి చూపించాడు.

"అట్లయితే నువ్వొచ్చుడెందుకు? హారన్లు, మిషను పంపితే సాలు, వైర్లు మా అల్లుడే గుంజుకుంటడు."

ఆ ఎండాకాలం లెక్క అక్కడితో తేలింది. హారన్ల కిరాయి చేతికొచ్చింది. పెళ్లినాడు రత్నం ఇంట్లోనే ఉన్నాడు. అక్కడ మోగిన పాటల్లో అతను ఎన్నుకున్నది ఒక్కటీ లేదు.