దుర్బీన్ తెచ్చిన తిప్పలు

పదహారో బెలూన్ కూడా పగిలింది.

భూమన్న తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. అంగడి బల్లకు అవతల ఎర్రన్న గాలి తుపాకీని మోకాలి మీద మడిచి, మరో సీసపు ఛర్రా ఎక్కిస్తున్నాడు. మోస్రా వైపు చెరుకు ట్రాక్టర్ తోలే ఈ ఎర్రన్న, పన్నెండేళ్ళుగా ప్రతి జాతరకూ వచ్చి, ఒక్క బెలూన్ కూడా పగలగొట్టకుండా ఇంటికి పోయే మనిషి. అలాంటివాళ్ళ మీదే భూమన్న సంసారం నడిచింది.

ఇవాళ పొద్దుటి నుంచీ అందరూ గురి తప్పకుండా కొడుతున్నారు. స్టీలు గ్లాసులు పోయాయి. బొమ్మలు పోయాయి. గెలిచేవాడు లేక తొమ్మిదేళ్ళుగా వేలాడుతున్న గోడగడియారం, భూమన్న మూడుసార్లు బ్యాటరీ మార్చిన గడియారం, ఇప్పుడు ఎర్రన్న చంకలో టిక్కుటిక్కుమంటోంది. ఇంకో గంట ఇలాగే సాగితే అంగడిలో మిగిలేది భార్యాభర్తలూ, నాలుగు కట్టెలూ.

అంతా తుపాకీ మీద బిగించిన ఆ దుర్బీన్ చేసిన పని. నాలుగు అంగళ్ళ అవతల పాత సామాను అమ్మే ధనుంజయ్ దగ్గర నిన్ననే కొన్నాడు. మిలిటరీ మాల్ అని, ఎవరో వాడి అమ్ముకున్నదని ధనుంజయ్ చెప్పాడు. నల్లటి గొట్టం, దాని మీద బంగారు రంగులో ఏదో విదేశీ పేరు. గోటితో గీకితే ఆ పేరు లేచిపోయి, కింద ఇంకో కంపెనీ పేరు బయటపడింది. గురి సరిచేయడానికి రెండు మరలున్నాయి. తిప్పితే చప్పుడొస్తుంది గానీ లోపలి గీతలు వెంట్రుకంతైనా జరగవు. ఎప్పుడు చూసినా తుపాకీని ఎడమకే లాగుతాయి. ఊడదీద్దామంటే స్క్రూల తలలు మైనంలా అరిగిపోయాయి. దుర్బీన్ కనబడితే జనం వరస కడతారని ఆశపడ్డాడు. వరస కట్టారు కూడా.

ఎడమకు లాగే దుర్బీన్‌తో బెలూన్లు ఎందుకు పగులుతున్నాయో లోకంలో భూమన్న ఒక్కడికే తెలుసు. పన్నెండేళ్ళ కిందట, తను పనిచేసే ఫ్యాక్టరీ మూతపడే ముందు వారం, వర్క్‌షాపులో ఫిట్టర్‌గా తన చివరి పనిగా, తుపాకీ గొట్టాన్ని వైస్‌లో బిగించి, తడి గోనె చుట్టి, నువ్వుగింజంత కుడికి వంచాడు. ఆ వంపే ఆయన పింఛను. ఇప్పుడు రెండు వంకరలూ సరిగ్గా బెలూన్ దగ్గర కలుసుకుంటున్నాయి. పన్నెండేళ్ళుగా పక్కన కూర్చుని బెలూన్లు ఊదుతున్న భార్య ప్రమీలమ్మకు కూడా ఆ సంగతి తెలియదు. ఈ జిల్లాలో మగవాళ్ళకు గురి లేదని ఆమె గట్టి నమ్మకం.

కేకలు విని ధనుంజయ్ మురిసిపోతూ వచ్చాడు. భూమన్న అతణ్ణి పక్కకు లాగి, మాల్ ఖరాబుగా ఉంది, వాపసు తీసుకొమ్మన్నాడు.

ధనుంజయ్ గొంతు తగ్గించలేదు. "ఖరాబయితే గిన్ని బెలూన్లు ఎట్ల పగులుతున్నయన్నా? నువ్వే చెప్పు."

జనం నవ్వారు. దుర్బీన్ తప్పు చెప్పాలంటే భూమన్న తన తుపాకీ గొట్టం తప్పూ చెప్పాలి.

పదిహేడోది పగిలింది. అప్పుడు ఎర్రన్న తుపాకీ కింద పెట్టాడు. అతని మొహంలో నవ్వు లేదు.

"భూమన్నా, తుపాకి మంచిదే, నీ చెయ్యే వణుకుతున్నదంటివి గద."

భూమన్న అన్నమాట నిజమే, ఏటా అన్నాడు. ఒక ఏడు ఆ మాట నమ్మి ఎర్రన్న ఆర్నెల్లు కల్లు మానేశాడు. అయినా ఒక్కటీ తగల్లేదు.

"చెయ్యి గాదు. వట్టి కండ్లతోని ఒక్కటి తగల్లే, అద్దం పెట్టంగనే అన్నీ తగిలినయ్. నా కండ్లు పోయినయన్నట్టే. ఎనుక రెండు ట్రాలీలు, ముంగట బడి పిల్లలు. రేపటి సంది నేను స్టీరింగ్ పట్ట."

జేబులోంచి ట్రాక్టర్ తాళంచెవి తీసి బల్ల మీద పెట్టి, యజమాని వెంకటికి ఫోన్ కలిపాడు. వేరే డ్రైవర్‌ను చూసుకొమ్మని చెప్పేస్తాడట. ముప్పై ఏళ్ళుగా అతనికి తెలిసిన పని అదొక్కటే.

రింగు పోతోంది. భూమన్న ఖాళీ అయిన బహుమతుల అరను చూశాడు, ఎర్రన్నను చూశాడు, నోట్లో సగం ఊదిన బెలూన్‌తో తననే చూస్తున్న భార్యను చూశాడు. నాలుగో రింగుకు చెయ్యి చాపి ఫోన్ లాక్కుని కట్ చేశాడు.

"నీ కండ్లు మంచిగనే ఉన్నయ్, ఎర్రన్నా. దుర్బీన్ వంకర మాలు. తుపాకి గొట్టం అంతకన్న వంకర."

ప్రమీలమ్మ నోట్లోని బెలూన్ బుస్సుమని జారిపోయింది. "మన తుపాకా?" అంది. "ఎవలు వంచిండ్రయ్యా?"

ధనుంజయ్ చెవులు రిక్కించాడు. వెనక వరసలో ఉన్నవాళ్ళు ముందుకు వచ్చారు. భూమన్న తువ్వాల భుజం మీద సర్దుకున్నాడు.

"నేనే," అన్నాడు. "భూమన్ననే వంచిండు."