ఆమె గుండె, ఆయన ఫోన్

"నిన్న పదకొండింటికి నీ గుండె అంత పరిగెత్తిందేం?"

ఆయన చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తున్న ఆమె తలెత్తలేదు. ఆర్నెల్ల కిందట ఆమె ఛాతీలో పేస్‌మేకర్ పెట్టారు. దాని కబుర్లు మోసుకొచ్చే యాప్ మాత్రం మొగుడి ఫోన్లో ఉంది. "నీకివన్నీ ఎక్కడ అర్థమవుతాయి?" అని ఆరోజే తేల్చేశాడు. అత్తగారికీ అది బాగానే అక్కరకొచ్చింది. కాస్త నడుం వాలుద్దామనుకుంటే చాలు, "ఫోన్లో అంతా పచ్చగానే ఉందటగా, ఆ దుప్పట్లు కూడా ఉతికెయ్యమ్మా" అంటుంది.

"నేను చూడలేదులే. ఆవిడే ఫోన్ చేసి చెప్పింది" అన్నాడాయన.

ఆవిడంటే ఆయన ఆఫీసులో కంప్యూటర్లు చూసే మనిషి. ఆ యాప్ పెట్టిచ్చిందీ, పాస్‌వర్డ్ ఎంచిందీ ఆవిడే. అవసరానికి పనికొస్తుందని తన ఫోన్లోనూ పెట్టుకుంది. ఆయన ఆవిడని నెత్తిన పెట్టుకుంటాడు. ఆమె మాత్రం మనసులో సర్వజ్ఞురాలని పేరు పెట్టింది.

నిన్న పదకొండింటికి ఏం జరిగిందో ఆమెకి బాగా తెలుసు. సెలవు రోజు. వరండాలో ఆయన ఫోన్ పట్టుకుని పగలబడి నవ్వాడు. అవతల సర్వజ్ఞురాలు. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో తన మాటకి ఆయన అలా నవ్విన గుర్తు లేదు. కడుపు భగ్గుమంది. అసూయే, ఇంకో పేరెందుకు? మొహంలో తెలియనివ్వకుండా కూరలు తరిగింది. కానీ ఈ పాడు గుండె వెళ్ళి, ఎవరికి తెలియకూడదో వాళ్ళకే చెప్పేసింది! ఆ తర్వాత ఆయన ఫోన్ మోగినప్పుడల్లా అంకెలు లెక్కపెట్టుకుంటూ నెమ్మదిగా ఊపిరి తీయడం మొదలుపెట్టింది. ఇంటెడు చాకిరీకి ఇదొకటి తోడైంది. కుళ్ళుకోవడానికి కూడా చాటు లేకపోయింది.

ఆ వారమే ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. ఈ రకం పేస్‌మేకర్లలోకి బయటివాళ్ళు చొరబడి, గుండె వేగాన్నే మార్చేసే ప్రమాదం ఉందట. వచ్చి సాఫ్ట్‌వేర్ మార్పించుకుని, కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోమన్నారు.

"నిన్నెవడు హ్యాక్ చేస్తాడే, నీ దగ్గరేముందని?" ఆయన నవ్వాడు. "ఆవిడనడుగుతాను, ఇంట్లో కూర్చునే చేసిపెడుతుంది."

మర్నాడు ఆయన ఆఫీసుకెళ్ళగానే ఆమె ఒక్కతే ఆసుపత్రికి బయల్దేరింది.

"ఇప్పుడున్న పాస్‌వర్డ్ చెప్పండి" అంది అక్కడి టెక్నీషియను.

"నాకు తెలియదు."

"మరెవరికి తెలుసు?"

"మా ఆయనకి. ఆయన ఆఫీసులో ఒకావిడకి."

టెక్నీషియను టైపు చేయడం ఆపి ఆమె వంక చూసింది. "అలా ఉండకూడదండీ. అది మీ ఒంట్లో ఉన్న వస్తువు" అంది. సాఫ్ట్‌వేర్ మార్చి, పాత పాస్‌వర్డ్ తీసేసి, యాప్‌ని ఆమె ఫోన్లో పెట్టి, ఆమె కొత్త పాస్‌వర్డ్ కొట్టేదాకా గోడ వైపు తిరిగి కూర్చుంది. "ఇంకెవరి ఫోన్‌కైనా కలపమంటారా?"

ఆమె ఫోన్ తీసి సంచిలో వేసుకుంది.

"వద్దు."

బస్టాపు చేరేసరికి ఆయన ఫోన్.

"ఏమైందే? నీ గుండె కనపడ్డం లేదు! ఆవిడక్కూడా కనపడ్డం లేదట!"

‘ఆవిడక్కూడా’ అన్న మాట చెవికి చల్లగా తగిలింది. ఆ సంతోషాన్ని ఆమె దాచుకోలేదు, ఊపిరీ లెక్కపెట్టలేదు.

"గబగబా కొట్టుకుంటోందండీ" అంది. "ఎందుకో తెలుసుకోవాలంటే నన్నడగండి."