దమయంతి నిలబడిన రోజు

కూతురు నిధికి డ్రైవింగ్ లైసెన్స్ వచ్చిన వారమే శశికాంత్ కారు ఇన్సూరెన్స్ దాదాపు రెట్టింపైంది. పదహారేళ్ల పిల్లని పాలసీలో చేరిస్తే అంతేనన్నాడు ఏజెంట్. తగ్గించుకోవాలంటే ఒక దారి ఉందనీ చెప్పాడు: లయబిలిటీ తగ్గించుకోవడం. అంటే, మన కారు వల్ల అవతలి మనిషికి దెబ్బ తగిలితే కంపెనీ వాళ్లకిచ్చే డబ్బుకి పరిమితి. జార్జియా రాష్ట్ర చట్టం ప్రకారం మనిషికి పాతికవేల డాలర్లుంటే చాలు. పద్నాలుగేళ్లుగా అల్ఫారెట్టాలో కారు నడుపుతూ ఒక్క ట్రాఫిక్ జరిమానా కూడా తెచ్చుకోని శశికాంత్‌కి అది సరిపోతుందనే అనిపించింది. సోమవారం ఫోన్ చేస్తానన్నాడు.

శనివారం పొద్దున్న అతని భార్య గీతాంజలి దమయంతి కోసం క్యారేజీ సర్ది ఇచ్చింది. దమయంతి, ఆవిడ భర్త భాస్కర్ వాళ్లకి పాత స్నేహితులు. దమయంతి పదకొండేళ్లు స్కూల్ బస్సు నడిపిన మనిషి. నిధి చిన్నప్పుడు ఆ బస్సులోనే బడికెళ్లింది. రెండు నెలల కిందట ఆవిడ తన కార్లో కూరగాయలకి వెళ్తుంటే, పందొమ్మిదేళ్ల కుర్రాడొకడు రెడ్ లైట్ చూసుకోకుండా వచ్చి గుద్దాడు. వెన్నుకి దెబ్బ తగిలి కాళ్లు స్వాధీనం తప్పాయి. ఇప్పుడు మళ్లీ నడక నేర్పే రీహాబ్ సెంటర్‌లో ఉంటోంది.

నిధే డ్రైవ్ చేసింది, శశికాంత్ పక్కన కూర్చున్నాడు. వీళ్లు వెళ్లేసరికి దమయంతిని వ్యాయామం హాల్లోకి తీసుకెళ్లారు. భాస్కర్ గుమ్మం దగ్గర నిలబడి, చప్పుడు చేయకుండా లోపలికి రమ్మని సైగ చేశాడు.

నడుమెత్తున రెండు కమ్మీలు, వాటి మధ్య చక్రాల కుర్చీలో దమయంతి. ఆవిడ నడుముకి వెడల్పాటి బెల్టు కట్టి థెరపిస్ట్ రష్మి ఎదురుగా నిలబడింది. ఒకాయన నేలమీద కూర్చుని ఆవిడ కుడి మోకాలు పట్టుకున్నాడు. ఇంకొకావిడ వెనకాల ఆ కుర్చీ పట్టుకుని సిద్ధంగా ఉంది. ఇంతమంది దేనికా అనుకున్నాడు శశికాంత్. ఆవిడ లేచి నిలబడటానికి.

మొదటిసారి పిడికెడు ఎత్తు లేచి కూలబడింది. రెండోసారీ అంతే. మూడోసారి లేచింది. చెమట చెంపలమీదుగా కారుతోంది, కళ్లు మాత్రం ఎదురుగోడమీద ఒక్కచోటే.

రష్మి ఈ దేశంలోనే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. కళ్లు దమయంతి మీదనుంచి తిప్పకుండానే నిధితో మెల్లగా చెప్పింది. "నిలబడటం అంటే కదలకుండా ఉండటం కాదు. ప్రతి సెకండ్ మనం ఎటో పడిపోతూనే ఉంటాం. బాడీ పట్టుకుంటూ ఉంటుంది, మనకి చెప్పదు. ఆంటీ ఇప్పుడు ఆ పనంతా తెలిసి చేస్తోంది."

తర్వాత దమయంతి ఒక్క అడుగు వేసింది. జానెడు కూడా లేదు. అక్కడిదాకా రావడానికి నలభై నిమిషాలు పట్టింది. గుళ్లో హారతి దగ్గర కూడా అటూ ఇటూ చూసే శశికాంత్, ఆ కాలు నేలకి ఆనినప్పుడు చేతులు కట్టుకుని నిలబడిపోయాడు.

బయట కాఫీ తాగుతూ భాస్కర్ చెప్పాడు. ఆ కుర్రాడికి ఉన్నది చట్టం అడిగినంత ఇన్సూరెన్సే. "అది ఆస్పత్రిలో రెండోరోజు మధ్యాహ్నానికే అయిపోయింది శశీ. వాడిమీద కోపం లేదు. వాడి దగ్గర ఇంకేముంది? తనని ఇక్కడ ఉంచడానికి మా హెల్త్ ఇన్సూరెన్స్ ఇంకో తొమ్మిది రోజులే ఒప్పుకుంది."

తిరిగొస్తుంటే సిగ్నల్ పడింది. నిధి కారాపింది. ఎదురుగా జనం రోడ్డు దాటుతున్నారు. ఫోన్ చూసుకుంటూ ఒకడు, కుక్కని లాక్కుంటూ ఒక ముసలాయన, చంకలో పిల్లతో, రెండో చేతిలో సంచులతో ఒకావిడ. ఎవరి కాళ్ల వైపు వాళ్లు చూసుకోవడం లేదు. పడిపోతూ, పట్టుకుంటూ, ఏమీ ఎరగనట్టు నడిచిపోతున్నారు. ఇన్నేళ్లుగా రోజూ చూస్తున్నదే. ఇంత పెద్ద సంగతి తన కారు ముందునుంచే వెళ్తోందని శశికాంత్‌కి తట్టలేదెప్పుడూ. పచ్చలైటు పడ్డా నిధి కాసేపు కారు కదిలించలేదు.

సోమవారం ఏజెంట్‌కి ఫోన్ చేసి, పరిమితి తగ్గించడం కాదు, పెంచాలన్నాడు. ఇల్లు, సేవింగ్స్ ఎంతున్నాయో చూసుకుని, ఎవరైనా దావా వేస్తే అవి పోకుండా ఉండేటంత తీసుకోండి, అందరూ అలాగే చేస్తారని ఏజెంట్ సలహా ఇచ్చాడు.

"అది నన్ను కాపాడుకునే లెక్క," అన్నాడు శశికాంత్. "మా కారు తగిలిన మనిషి మళ్లీ నడవాలంటే ఎంత ఉండాలి?"

తనని ఎవరూ అలా అడగలేదని ఒప్పుకున్నాడు ఏజెంట్. ఇద్దరూ ఫోన్లోనే లెక్కలేసి మనిషికి ఐదు లక్షల డాలర్ల దాకా, అదీ దాటితే అక్కరకొచ్చే అంబ్రెల్లా పాలసీ అని మరో పదిలక్షలు ఖాయం చేశారు. ఆ ఖర్చు కోసం శశికాంత్ కొత్త కారు ఆలోచన మానుకున్నాడు. అయినా అది చాలని అతనికి నమ్మకం కలగలేదు.

తొమ్మిది రోజులూ అయ్యాక దమయంతి ఇంటికొచ్చేసింది. భాస్కర్ గ్యారేజీలో అతనూ శశికాంతూ కలిసి రెండు కమ్మీలు బిగించారు. రష్మి తన సెలవురోజున వచ్చి ఎలా పట్టుకోవాలో నేర్పింది. మోకాలు పట్టుకునే పని నిధి తీసుకుంది.

మూడో శనివారం దమయంతి కమ్మీల మధ్య లేచి నిలబడి ఉండగా, నేలమీద కూర్చున్న నిధి ఉన్నట్టుండి తలెత్తింది.

"నాన్నా, నేను పట్టుకోలేదు," అంది గుసగుసగా. "ఆంటీయే పట్టుకుంది."