పక్క మంచం మీది పిలుపు

నేనొక చేతుల కుర్చీని. జార్జియా దేశంలో, నల్ల సముద్రం ఒడ్డున బతూమి అనే ఊళ్ళో, అక్రోటు చెక్కతో నన్ను చేశారు. మొదట ఒక బడిలో హెడ్మాస్టరు గదిలో ఉన్నాను. హెడ్మాస్టర్లు మారేవారు. కొత్తగా వచ్చిన ప్రతివాడూ నాలో కూర్చోగానే, వెనకటివాడికి ఏమీ తెలియదన్నట్టు గొంతు సవరించుకునేవాడు. కూర్చునేచోటి పేము అల్లిక తెగాక నన్ను సామాన్లగదిలో పడేశారు. ఒకటో తరగతికి పాఠాలు చెప్పే నానూలి టీచరు, ఉద్యోగ విరమణ రోజున నన్ను అడిగి తెచ్చుకుంది. కొత్త అల్లిక వేయించి, తన ఇంటి మేడమీద అద్దెకిచ్చే గదిలో కిటికీ పక్కన పెట్టింది.

ఆ గదిలోకి వైద్యం చదవడానికి వచ్చిన తెలుగు ఆడపిల్లలే వరసగా దిగారు. నాకు తెలుగు అలా పట్టుబడింది. వాళ్ళు పుస్తకాలు చదివిన దానికంటే ఇంటికి ఫోన్లో మాట్లాడిందే ఎక్కువ మరి.

వాళ్ళలో ఇందుప్రియది మెట్‌పల్లి. గదిలో తోడున్న తబితది చీరాల. వచ్చిన కొన్ని నెలలకే ఇందుప్రియకు పెద్ద జ్వరం తగిలి ఆసుపత్రిలో చేర్చారు. తిరిగొచ్చేసరికి మనిషి సగమైంది. అప్పుడే ముసురు పట్టింది. ఆ వారమంతా సముద్రమూ ఆకాశమూ ఒకటే బూడిద రంగులో కలిసిపోయి, కిటికీలోంచి వాన తప్ప మరేమీ కనబడలేదు. తబిత కాలేజీకి వెళ్ళేది. ఇందు దుప్పటి కప్పుకుని నాలో ముడుచుకుని కూర్చునేది.

మొదట ఎముకల పుస్తకం తీసింది. రెండు పేజీలు చదివితే తల తిరిగేది. అది చూసి నానూలి తాను పిల్లలకు చెప్పిన మొదటి వాచకం పట్టుకొచ్చింది. ఆమెకు కాస్త ఇంగ్లీషు వచ్చు.

"జ్వరం పడి లేచినప్పుడు చిన్న పుస్తకాలే మంచివి, బిడ్డా" అంది.

కాలేజీ చదువు ఇంగ్లీషులో. ఆ దేశపు భాష ఇందు ఇంకా మొదలుపెట్టనే లేదు. నానూలి నేర్పిన అక్షరాలు గుండ్రంగా, తెలుగు అక్షరాలకు దూరపు చుట్టాల్లా ఉండేవి. ఆ పిల్లకు అవి నచ్చాయి. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివేది. వాన చప్పుడు, ఆ పిల్ల గొంతు, రెండే ఉండేవి గదిలో. నా బతుకులో అంత ప్రశాంతమైన రోజులు లేవు.

ఒక పేజీలో మీసాలాయన కొడుకుని భుజం మీద ఎక్కించుకున్న బొమ్మ ఉంది. దాని కింద మాట కూడబలుక్కుంది: "మామ."

"టీచర్, మామ అంటే అమ్మ గద, ఇక్కడ బొమ్మ తప్పు పడ్డది" అంది ఇంగ్లీషులో.

నానూలి నవ్వింది. "తప్పు కాదు. అందరూ అలాగే పొరబడతారు. మా భాషలో మామ అంటే తండ్రి. తల్లిని దేదా అంటాం."

ఇందు వేలు ఆ మాట మీదే ఆగిపోయింది. పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుని, తబిత వచ్చేదాకా కదలకుండా కూర్చుంది. తర్వాత ఇద్దరికీ చెప్పింది.

ఆసుపత్రిలో ఆమె పక్క మంచం మీద లాషా అనే కుర్రవాడు ఉండేవాడు. ఒక పొద్దున నర్సు లేని సమయంలో అతను "మామ, మామ" అని పిలవడం మొదలుపెట్టాడు. ఇందు ఓపిక లేకపోయినా లేచి, గోడ పట్టుకుని తలుపుదాకా వెళ్ళింది. బయట బల్ల మీద అతని తల్లీ తండ్రీ కూర్చుని ఉన్నారు. ఒక్కరినే లోపలికి రానిస్తారు. అమ్మనే పిలుస్తున్నాడనుకుని, ఇందు ఆ తల్లిని సైగ చేసి రమ్మంది. తండ్రి లేవబోతే, వద్దని చెయ్యి అడ్డంపెట్టింది. తల్లి వచ్చేసరికి అతనికి స్పృహ లేదు. మరి రానూ లేదు.

"పిల్లగాడు నాయిన కోసం పిలిచిండు. నేను ఆయన్నే ఆపిన" అంది ఇందు.

"నీకు తెలీకుండా జరిగిందే అది. ఇప్పుడెళ్ళి చెప్తే పుండు మీద కారం చల్లినట్టుంటది. ఊరుకో" అంది తబిత.

"తెల్వక చేసిన. తెల్సినంక ఊకుంటే, తెల్సి చేసినట్టే గద."

నానూలి గొడుగు తీసుకుని వెళ్ళి, చర్చి దగ్గరా బజారులోనూ విచారించింది. కుర్రవాడి తండ్రి పేరు జుంబెర్ అని, ఒకప్పుడు చేపలు పట్టేవాడని తెలిసింది. తమ్ముణ్ణి సముద్రం మింగాక, కొడుకు కూడా వేటకు పోతాడేమోనని, చెప్పకుండా పడవ అమ్మేశాడట. అప్పటినుంచి కొడుకు తండ్రితో మాట్లాడటం మానేశాడట.

నానూలి కబురందుకుని, మర్నాడు సాయంత్రం జుంబెర్ తడుస్తూ వచ్చాడు. నానూలి ఆయన్ని నాలో కూర్చోబెట్టింది. ఇందు ఎదురుగా నిలబడి చెప్పింది. నానూలి ఆయన భాషలోకి మార్చింది. చెప్పడం అయిపోయాక ఆయన ఇందు చేతి వైపు చూశాడు.

"నేను లేవబోయాను. నువ్వు చెయ్యి చూపావు. ఆ చెయ్యి నాకు కలలోకి వస్తోంది. లోపలివాడే నన్ను రావద్దన్నాడనుకున్నాను" అన్నాడు.

ఇందు తల వంచుకుంది.

"ఎలా పిలిచాడు? కోపంగానా?"

"కాదు. నిద్రలేచిన పిల్లలు పిలిచినట్టు."

"ఒకసారి అను."

ఇందు అంది. ఆయన వేళ్ళు నా చేతులను పట్టుకుని బిగుసుకున్నాయి.

"మళ్ళీ."

మళ్ళీ అంది. పెద్దమనుషుల బరువు ఎంతో చూసినదాన్ని నేను. మనిషి ఏడుపును లోపలే ఆపుకుంటే ఎంత బరువెక్కుతాడో ఆ సాయంత్రమే తెలిసింది.

వెళ్ళేటప్పుడు ఆయన గుమ్మం దగ్గర ఆగాడు. ఇందు తలమీద చెయ్యి వేసి, "ఏడవకు, మామా" అన్నాడు.

"ఇక్కడ తండ్రులు ముద్దొస్తే, పిల్లలు తమను పిలిచే మాటతోనే వాళ్ళనీ పిలుస్తారు" అని నానూలి మెల్లగా చెప్పింది.

ఇందు కళ్ళు తుడుచుకుంది. "మా దిక్కు గూడ గంతే. పిల్లగాండ్లను నాయినా అంటరు" అంది తబితతో.

వాన వెలిశాక ఆమె కాలేజీకి వెళ్ళింది. ఆ వాచకం వదల్లేదు. చదువు ముగిసి వెళ్ళేనాటికి, వార్డుల్లో పడుకున్న ముసలివాళ్ళు ఆమెను ఈ ఊరి పిల్లే అనుకునేవాళ్ళు.

నానూలి కాళ్ళ నొప్పులతో కూతురింటికి మారినప్పుడు నన్ను జుంబెర్‌కు ఇచ్చింది. ఆయన వసారాలో ఉంటున్నాను. కీళ్ళు వదులయ్యాయి. మేకులు కొట్టి తాడు బిగించాడు. భార్య పోయాక వచ్చేపోయేవాళ్ళు తగ్గారు. అయినా పలకరించడానికి వచ్చినవాళ్ళు కొడుకు మాట ఎత్తితే, ఆయన నాలో నిటారుగా కూర్చుంటాడు.

"చివర్లో నన్నే పిలిచాడు" అంటాడు.